రిఫరీ చెయ్యి ఊపకముందే

ఖెవిసా,
ఆగస్టు నెలాఖరు.

నాజీ,

ముందు కూర్చో. ఆ ముసలావిడ మందులూ, పొయ్యి మీద ఉడికేదీ కాసేపు అలా వదిలేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాకే కింది వాక్యం చదువు.

ఉచా థెస్సలొనీకి వస్తున్నాడు.

అవును, నీ కొడుకే. నేను తాగి రాయడం లేదు. ఇంట్లో తాగడానికి ఏమీ లేదు, ఉన్న కాస్తా మొన్న ఊరంతా కలిసి ఊడ్చేశారు. మన ఫౌండ్రీ జట్టు యూరప్ కప్పులో ఫిన్లాండ్ వాళ్ళను ఇంటికి పంపించేసింది. అక్కడ ఒకటి కొట్టి, రెండు తిని ఓడాం, ఇక్కడ ఒకటి కొట్టి వాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. మొత్తం లెక్క సమానమైతే ఎదుటివాడి గడ్డ మీద గోల్ కొట్టినవాడిదే గెలుపు. అక్కడి గోలూ ఇక్కడి గోలూ కూడా మనవాడివే. ఫౌండ్రీ మూతపడి చిమ్నీ చల్లబడ్డాక ఈ ఊళ్ళో జనం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వడం ఇదే మొదటిసారి. రొట్టెల దుకాణం లియానా వాడికి వరసలో నిలబడే పని లేకుండా రొట్టె చేతికిస్తోంది. మేనమామనని నాక్కూడా ఇస్తుందేమోనని నిలబడ్డాను. వరసలోకి పొమ్మంది.

నిన్న గ్రూపులు తేల్చారు. నాలుగు జట్లు. మనం, పోలండ్ వాళ్ళు, స్వీడన్ వాళ్ళు, నాలుగోది మీ ఊరి జట్టు. గ్రీకు వాళ్ళు సెప్టెంబర్లో ఇక్కడికి వస్తారు. మనం డిసెంబర్లో, గ్రూపులో ఆఖరి ఆటకి, అక్కడికి వస్తాం. గ్రూపులో మొదట నిలిచిన జట్టు వసంతంలో నాకౌట్‌కి వెళుతుంది. అదంతా తర్వాతి మాట. నీకు కావలసింది డిసెంబరే.

వాడు ఫిన్లాండ్‌లో ఒక పసుపు కార్డు తెచ్చుకున్నాడు. గోల్ ఇవ్వలేదని బంతిని స్టేడియం అవతలికి తన్నాడు. ఆ ముక్కు మీద కోపం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నేను చెప్పను.

కొత్త సంవత్సరం పొద్దున ఇంట్లో మొదటి అడుగు ఎవరు పెడితే ఏడాదంతా వాళ్ళ అదృష్టమే అంటారుగా, నా గడప వాడి చేతే తొక్కించానా లేదా? మిగతా ఇళ్ళవాళ్ళు ఎవరెవర్నో పిలుచుకున్నారు. నేను వాడి కుడికాలినే నమ్ముకున్నాను. ఫలితం చూస్తున్నావుగా.

నా సంగతి నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతాను. జట్టుకు డాక్టర్ని పెట్టుకునే స్తోమత లేదు. ఈ పాత గోల్‌కీపరే ఇంకా మాలిష్ చేసేవాడు, కట్లు కట్టేవాడు, నీళ్ళ సీసాలు మోసేవాడు. నడుం నొప్పి అలాగే ఉంది.

నీ అన్న,
జుంబేర్.


థెస్సలొనీకి,
సెప్టెంబర్.

అన్నయ్యా,

కూర్చోమన్నావు కాబట్టి సరిపోయింది, లేకపోతే పడేదాన్నే. నేను ఏడుస్తుంటే మా ముసలావిడ కిరియా ఎవ్దోకియా మంచం మీంచి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదమ్మా, నా కొడుకు మీ ఊరి జట్టుతో ఆడటానికి వస్తున్నాడు అన్నాను. ఆవిడ మంచం తలాపున చనిపోయిన భర్త తాలూకు జట్టు మఫ్లర్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని తడిమి, అయితే మీకు ఐదు గోల్స్ కొడతాం అంది. నా పేరు రోజూ మర్చిపోయే మనిషి ఆ మాట మాత్రం మర్నాడు పొద్దున లేవగానే మళ్ళీ అంది.

నాలుగేళ్ళయింది అన్నయ్యా. నేను ఈ దేశానికి వలికో బస్సు ఎక్కిన రోజున వాడు నా భుజం దాకా ఉన్నాడు. ఇప్పుడు ఎంత ఎత్తున్నాడో ఫోటోలో తెలియడం లేదు. పక్కన నువ్వు నిలబడతావు, నువ్వా పొట్టివాడివి. ఫోన్లో గొంతు మారిపోయింది. మొన్న ఈస్టర్‌కి పోస్టాఫీసు నుంచి మాట్లాడినప్పుడు ఎవరో పెద్దమనిషి అనుకుని మీరు అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు.

నా దగ్గర కాయితాలు లేవు, ఒకసారి వెళ్తే మళ్ళీ రానివ్వరు. వాడొక్కడికే అయితే వీసా ఇవ్వరు. జట్టు మొత్తానికి కలిపి ఇచ్చే వీసా ఒక్కటే మా ఇద్దరికీ ఉన్న దారి. అందుకని ఆ పిల్లాణ్ణి కంటికి రెప్పలా చూసుకో. చలికి చెవులు కప్పుకోమను. రెండు పూటలా తిననీ. నీ వంట తింటే వాడు పరుగెత్తలేడు, పక్కింటి వాళ్ళని బతిమాలు.

ఆ రోజు మధ్యాహ్నం సెలవు కావాలని ఎవ్దోకియా కూతుర్ని ఇప్పుడే అడిగాను. చూద్దాం అంది. ఆవిడ మంచిదే, ఏమీ భయం లేదు. ఇక్కడ నాకు అన్నీ బాగానే ఉన్నాయి.

నడుంకి లేపనం పంపిస్తున్నాను. నీకే, జట్టుకి కాదు.

నాజీబ్రోలా.


ఖెవిసా,
అక్టోబర్ మొదటి వారం.

నాజీ,

ఉత్తరాలు తీసుకుని వలికో బస్సు రేపు పొద్దున్నే బయల్దేరుతోంది, అందుకని హడావిడిగా రాస్తున్నాను.

గ్రీకు వాళ్ళు వచ్చారు, పోయారు. చెరొక గోల్. మనది ఎవరు కొట్టారో చెప్పనక్కర్లేదు. వాళ్ళ కోచ్ మన గ్రౌండ్ చూసి ఇక్కడ గొర్రెలు మేపుతారా అని అడిగాడట. మన కోచ్ ఇపోలితే, మేపుతాం, ఇవాళ పదకొండు వచ్చాయి అన్నాడట. అన్నాడో లేదో గాని ఊరంతా ఇదే చెప్పుకుంటోంది.

తర్వాత పోలండ్ వెళ్ళి మూడు గోల్స్ తిని వచ్చాం. అక్కడ ఒక తమాషా జరిగింది. మన కెప్టెన్ మల్ఖాజ్‌కి రెండో పసుపు కార్డు కూడా పడిపోయి ఉంది, అందుకని ఆ ఆటకి నిషేధం. నిషేధం పడ్డవాడు బెంచీ మీద కూడా కూర్చోకూడదట. జనంలో కూర్చోమన్నారు. పక్కన ఒక లావుపాటి పోలిష్ దంపతులు వాడి మీద జాలిపడి సాసేజ్‌లు తినిపించారు. మేం గోల్స్ తింటున్నంతసేపూ వాడు సాసేజ్‌లు తిన్నాడు. క్లబ్ అధ్యక్షుడు కళ్ళారా చూసి, ఇకమీదట ఆడనివాణ్ణి విమానం ఎక్కించేది లేదని నిప్పులు చెరిగాడు.

ఉచా బాగున్నాడు. పోలండ్‌లో సగం ఆటకే వాణ్ణి బయటికి పిలిచేశారు. అలసట అంతే, చిన్నవాడు కదా. నీకు రాయమంటే నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకులే అనుకున్నాను.

ఒక చిన్న పని. అక్కడి మందుల షాపుల్లో మోకాలికి చుట్టుకునే వెడల్పాటి సాగే పట్టీలు దొరుకుతాయట. గట్టివి చూసి పంపించు. వాపుకి ఏదైనా మందు ఉంటే అదీ పంపు. నా మోకాళ్ళు ఈమధ్య మొరాయిస్తున్నాయి.

జుంబేర్.


థెస్సలొనీకి,
అక్టోబర్.

అన్నయ్యా,

మోకాలు ఎవరిది?

నీ నడుం నాకు తెలుసు. నీ పళ్ళు తెలుసు. నీ వంకర వేళ్ళు ఏ పెనాల్టీకి ఏది విరిగిందో కూడా తెలుసు. నీ మోకాళ్ళు నాన్న మోకాళ్ళు. నాన్న చనిపోయే ముందురోజు కూడా ద్రాక్ష పందిరి ఎక్కాడు. ఇప్పుడు ఉన్నట్టుండి నీకు మోకాలి పట్టీలు కావలసి వచ్చాయి, నా కొడుకు ఏమో సగం ఆటకే బయటికి వచ్చేశాడు, ఉత్తరం రాయడానికి కూడా ఓపిక లేక నిద్రపోతున్నాడు.

నాకు మాటలు చెప్పకు. చిన్నప్పుడు గోల్ నీ కాళ్ళ మధ్యనుంచి పోయిన రోజున ఇంటికొచ్చి ఎండ కళ్ళలో పడిందని చెప్పేవాడివే, అచ్చం అలాగే ఉంది ఈ ఉత్తరం.

పట్టీలు పంపిస్తున్నాను. చిన్నవి, సన్నటి కాలికి సరిపోయేవి కొన్నాను. నీకైతే పట్టవు. నీవే అయితే వెనక్కి పంపు.

నాజీ.


ఖెవిసా,
అక్టోబర్ ఆఖరు.

నాజీ,

పట్టీలు సరిపోయాయి.

ఇక దాచి లాభం లేదు. నీకు చెప్పనని వాడు నా చేత నాన్న పేరు మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పుతున్నాను, దాని పాపం నేనే పడతాను.

గ్రీకు వాళ్ళతో ఆట అయిన తర్వాతి వారం, ప్రాక్టీసులో, మన గ్రౌండ్ చివర గుంటలో కాలు పడి కుడి మోకాలు మెలిపడింది. నేనే ఎత్తుకొచ్చాను. నా చేతుల్లోనే అది ఉబ్బడం తెలిసింది. త్బిలీసీ తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించాను. లోపలి లిగమెంట్ చాలావరకు చిరిగిందన్నాడు. ఇప్పుడే ఆపేసి ఆపరేషన్ చేయిస్తే నడకకి ఢోకా లేదు, ఆట సంగతి చెప్పలేను అన్నాడు. ఇదే కాలితో ఆడి ఇంకోసారి మెలిపడితే మాత్రం జన్మంతా కుంటడమేనన్నాడు. వాడి ముందే అన్నాడు. వాడు బయటికొచ్చి, మామయ్యా, ఆకలేస్తోంది, ఏమైనా తిందాం అన్నాడు.

ఇపోలితేకి తెలుసు. అధ్యక్షుడికి తెలుసు. పోలండ్‌లో ఆడించారు, మొన్న స్వీడన్‌లో ఆడించారు. ఆటకి ముందు ఆస్పత్రి కాంపౌండరు వచ్చి మోకాల్లో నొప్పి తెలియకుండా మత్తు సూది పొడుస్తాడు, నేను కాలు పట్టుకుంటాను. మందు పని చేసినంతసేపు జింకలా పరుగెడతాడు. దిగిపోయాక మెట్లు ఎక్కలేక నా వీపు మీద ఎక్కుతాడు. స్వీడన్‌లో గెలిచాం. అందుకే ఇక వాణ్ణి ఎవరూ ఆపరు.

నేను ఊరుకోలేదు, నమ్ము. ఇపోలితే ఇంటికి వెళ్ళి పోట్లాడాను. ఆయన అరవలేదు. తలుపు తీసి వీధి చూపించాడు. పిల్లలు వాడి పేరు రాసిన చొక్కాలు వేసుకుని తిరుగుతున్నారు. "వీళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పు జుంబేర్, నావల్ల కాదు" అన్నాడు. నేను కాలు పట్టుకోనంటే ఇంకెవడో పట్టుకుంటాడు, వాడికి నా చేతుల్లా తెలియదు. అందుకే ఇంకా అక్కడే ఉన్నాను.

ఉచా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వాడు ఒకటే మాట అంటాడు. "థెస్సలొనీకిలో మా అమ్మ చూస్తుండగా ఆడతాను. ఆ మర్నాడు ఈ కాలు నరికేసుకోండి."

నాకు దిక్కు తోచడం లేదు చెల్లీ. నువ్వే ఏదైనా చెప్పు. పోలండ్ వాళ్ళు వచ్చే వారం ఇక్కడికి వస్తారు. స్వీడన్ వాళ్ళు నవంబర్ చివర్లో వస్తారు. ఆ తర్వాత నీ దగ్గరికే.

జుంబేర్.


థెస్సలొనీకి,
నవంబర్.

అన్నయ్యా,

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పడెయ్యి. వాడి కంట పడకూడదు.

రెండు రోజులు ఏం చేశానో గుర్తులేదు. పాలు పొంగిపోయాయి, ఎవ్దోకియాకి పొద్దుటి మాత్ర సాయంత్రం వేశాను. నిన్న ఆవిడ స్నానానికి నీళ్ళు కాస్తూ ఉంటే ఆలోచన తట్టింది.

వాడికి నేను రాయను. ఆడొద్దని రాస్తే పట్టుదల కొద్దీ ఆడతాడు. నేను ఆ రోజు ఊళ్ళో ఉండనని అబద్ధం రాస్తే కనిపెట్టేస్తాడు, నా కడుపున పుట్టినవాడు. నీ మాట వినడు. ఇపోలితే వినడు. ఇక వాడు కాదనలేనిది ఒకటే ఉంది. ఆట నియమం.

వాడికి ఫిన్లాండ్‌లో ఒక పసుపు కార్డు పడిందని ఆగస్టులో నువ్వే రాశావు. రెండోది పడితే తర్వాతి ఆట ఆడనివ్వరు. మల్ఖాజ్ సాసేజ్‌ల కథ కూడా నువ్వే రాశావు. స్వీడన్ వాళ్ళతో ఆటలో వాడికి రెండో కార్డు పడాలి. అప్పుడు ఇక్కడ ఎవరు సూది పొడిచినా, ఎవరు బతిమాలినా, రిఫరీ వాణ్ణి గ్రౌండ్లోకి అడుగు పెట్టనివ్వడు. శీతాకాలమంతా ఆటలుండవు. ఆపరేషన్ చేయించు.

ఎలాగో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు గ్రౌండ్లో ఉన్నవాడివి, నీకు తెలియాలి. మొదట్లోనే పడేలా చూడు, ఆ ఆట కూడా పూర్తిగా ఆడకూడదు.

దీని అర్థం నాకు తెలియదనుకోకు. ఆడనివాణ్ణి మీ అధ్యక్షుడు విమానం ఎక్కించడు. వాడు రాడు. సెప్టెంబర్ నుంచి నేను ఏ పని చేస్తున్నా ఆ రోజు గురించే అనుకుంటూ చేశాను. అంట్లు తోముతూ, వాణ్ణి చూడగానే ముందు ఏమనాలో గొణుక్కునేదాన్ని. ఎవ్దోకియా కూతురు సెలవు ఇవ్వనంది. నా పాస్‌పోర్టు ఆవిడ బీరువాలోనే ఉంది. నీకు అన్నీ బాగున్నాయని రాసింది అబద్ధం. అయినా పని పోతే పోయిందని ఆ రోజు వెళ్ళిపోదామనుకున్నాను. ఇప్పుడా అవసరం లేదు.

కుంటివాణ్ణి చేసి చూసుకోవడం కంటే చూడకుండా ఉండటమే నాకు నయం. ఇది నేను చెప్పినట్టు వాడికి ఎప్పటికీ తెలియకూడదు. నిన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. నన్ను కూడా తిట్టుకుంటే ఇక్కడ నేను దేన్ని పట్టుకుని బతకను?

నాజీ.


ఖెవిసా,
నవంబర్ ఆఖరు.

నాజీ,

అయిపోయింది.

టర్కీ కొండల్లో మంచు కురిసి వలికో బస్సు ఇరుక్కుపోయింది. నీ ఉత్తరం ఆట రోజు పొద్దున చేరింది. చదివి పొయ్యిలో వేశాను. అప్పటికి పోలండ్ వాళ్ళని కూడా ఇక్కడ ఓడించి ఉన్నాం. స్వీడన్ వాళ్ళని గెలిస్తే, థెస్సలొనీకిలో డ్రా చేసుకున్నా చాలు, గ్రూపులో మొదటి స్థానం మనదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ట్రాక్టర్ల మీద వచ్చారు. ఒక ముసలాయన మంచమే తెచ్చుకుని గోల్ వెనక వేసుకున్నాడు.

కాంపౌండరు సూది పొడిచాడు, నేను కాలు పట్టుకున్నాను. వాడు పైకి చూస్తూ ఈల వేస్తున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే స్వీడన్ వాడొకడు వాణ్ణి గుద్ది పడేశాడు. మోకాలికి ఏమీ కాలేదు, తొడ పట్టేసింది అంతే. నేను సంచీ తీసుకుని పరుగెత్తి, వాణ్ణి గీత అవతలికి తెచ్చి పడుకోబెట్టాను. దెబ్బ తగిలి బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే రిఫరీ చెయ్యి ఊపాలి. ఊపకుండా అడుగుపెడితే పసుపు కార్డు. ఆటగాడు పడుకుని ఉంటాడు, వాడికి రిఫరీ కనబడడు. మాలిష్ వాడే చూసి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

వాడు లేచి కూర్చుని బూటు ముడి వేసుకున్నాడు. రిఫరీ అటు తిరిగి ఉన్నాడు. బంతి మనవాళ్ళ కాళ్ళ దగ్గరికే వస్తోంది.

"మామయ్యా, ఊపాడా?"

"ఊపాడు. పో."

వాడు వెనక్కి చూడలేదు. నా మాట మీద పోయాడు. బంతి అందుకున్నాడో లేదో విజిల్. రిఫరీ జేబులోంచి కార్డు తీశాడు. ఉచా రెండు చేతులూ చాచి, మా మామయ్యని అడగండి అన్నట్టు నా వైపు చూపించాడు. అందరూ నా వైపు చూశారు. నేను తల వంచుకుని సంచీ సర్దుకున్నాను. అంతే, వాడికి అర్థమైపోయింది.

ఇంకో కార్డు పడి ఎర్ర కార్డు అవుతుందని ఇపోలితే వాణ్ణి వెంటనే బయటికి పిలిచేశాడు. ఆట ఎలాగో గెలిచాం, స్వీడన్ వాడే తల తగిలించి మనకి గోల్ కొట్టి పెట్టాడు. కాని ఎవరూ సంబరం చేసుకోలేదు. థెస్సలొనీకికి ఉచా లేడని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ముసలి గాడిద, కళ్ళు పోయాయి అన్నారు. కొందరు గ్రీకు వాళ్ళకి అమ్ముడుపోయానని కూడా అంటున్నారు. లియానా నాకు రొట్టె ఇవ్వలేదు. వరసలో నిలబడినా ఇవ్వలేదు.

అవన్నీ పడతాను. వాడి మాటే పడలేకపోతున్నాను. సామాన్లన్నీ సర్దుకుని తలుపు దగ్గర నిలబడి, అరవకుండా అన్నాడు. "ఇంకెవరైనా నమ్మించి మోసం చేస్తే ఊరుకునేవాణ్ణి. నువ్వు నా దగ్గర్నుంచి అమ్మని తీసేశావు." మల్ఖాజ్ ఇంటికి వెళ్ళిపోయాడు. నీ పేరు నా నోట రాలేదు, నిశ్చింతగా ఉండు.

నన్ను జట్టులోంచి తీసేశారు. నేను థెస్సలొనీకి రావడం లేదు. ఇక ఈ కొత్త సంవత్సరానికి నా గడప ఎవరు తొక్కుతారో తెలియదు. పిల్లి తొక్కుతుందేమో.

మనం మంచి పనే చేశామా చెల్లీ? రోజూ పొద్దున లేవగానే అవునని అనుకుంటాను. సాయంత్రానికి వాడు మల్ఖాజ్ ఇంటికి నడిచి వెళ్ళడం కిటికీలోంచి చూస్తాను. ఇంకా రెండు కాళ్ళ మీదే నడుస్తున్నాడు, కాస్త ఈడుస్తూ.

జుంబేర్.


థెస్సలొనీకి,
డిసెంబర్.

అన్నయ్యా,

ఎంత అబద్ధాలకోరువి నువ్వు.

మొదటి నుంచీ చెబుతాను. ఆట రోజు వెళ్ళకూడదనే అనుకున్నాను. పొద్దున్నుంచీ ఎవ్దోకియా భర్త మఫ్లర్ మెడకి చుట్టుకుని, ఇవాళ ఐదు గోల్స్ కొడతాం అని ఒకటే జపం. కూతురు దుకాణానికి వెళ్ళిపోయింది. నన్ను ఇల్లు వదలద్దంది గాని ముసలావిడని బయటికి తీసుకెళ్ళద్దని అనలేదు. ఆవిణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, స్టేడియానికి తోసుకుపోయాను. గేటు దగ్గర పోలీసులున్నారు. మఫ్లర్ చుట్టుకున్న ముసలమ్మని చూసి నవ్వి, తోవ ఇచ్చారు. నా కాయితాలు ఎవరూ అడగలేదు.

ఉచా లేడని తెలిసీ ఎందుకు వెళ్ళావంటావా? మన జెర్సీ రంగు చూద్దామని. వాడి కాలు ఎలా ఉందో ఎవరినైనా అడుగుదామని. ఒక మూల మన జెండా కట్టి ఉంది, దాని కింద నాలాగా ఇళ్ళల్లో పని చేసే మనవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. అక్కడికే కుర్చీ తోశాను.

ఆట మొదలయ్యే వేళకి పైనుంచి ఒకతను మెట్లు దిగి వస్తున్నాడు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి. వెనక వాళ్ళు విసుక్కుంటున్నారు. ఏ తల్లి కొడుకో పాపం, ఈ వయసులో అనుకున్నాను. అలా అనుకున్నాను అన్నయ్యా, కన్న తల్లిని, గుర్తుపట్టలేదు. వాడే వచ్చి నా ముందు నిలబడి, "నువ్వింత చిన్నగా ఉండేదానివా అమ్మా?" అన్నాడు.

నేను నాలుగు నెలలు గొణుక్కున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చెవులు కప్పుకోలేదేం రా అన్నాను.

నువ్వు రాయని సంగతులన్నీ వాడు చెప్పాడు. నిన్నెవరూ తీసెయ్యలేదట. కోపం చల్లారాక అధ్యక్షుడు నిన్ను రమ్మన్నాడట. నువ్వే వెళ్ళి, నా చోటు, నా సీటు ఉచాకి ఇవ్వండి, నన్ను శాశ్వతంగా తీసెయ్యండి అని కాళ్ళావేళ్ళా పడ్డావట. ఆ మాట విమానంలో అధ్యక్షుడే వాడికి చెప్పాడు. నిషేధం పడ్డవాడు జనంలో కూర్చోవాలి కదా. వాడు నా పక్కన కూర్చున్నాడు. ఆడి ఉంటే వాణ్ణి ఇనప కంచె ఇవతలి నుంచి చూసి ఉండేదాన్ని, అవ్వగానే బస్సెక్కించేసేవారు.

ఆట ఏమైందో నీకు రేడియో చెప్పే ఉంటుంది. మేం చూడలేదు. వాడు కాలు చాపి నా ఒళ్ళో పెట్టాడు, నేను నిమురుతూ కూర్చున్నాను. మోకాలు ఇంకా వాచే ఉంది. వాడు నా చేతులు చూశాడు. అన్నీ బాగున్నాయని రాస్తావే అన్నాడు.

కాసేపటికి అడిగాడు. "మామయ్యకి అంత తెలివి లేదు. ఎవరు చెప్పారమ్మా?"

చెప్పకూడదని నేనే నీకు రాశాను. కాని నువ్వు వాడి కోపం మోస్తూ, నీ సీటు కూడా ఇచ్చేసి అక్కడ ఒంటరిగా కూర్చున్నావు. నేను ఇక్కడ వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతున్నాను. నోరు ఆగలేదు.

"నేనే చెప్పాను" అన్నాను.

కాలు తీసేసుకున్నాడు. నా వంక చూడలేదు. గ్రౌండ్లో మనవాళ్ళు ముందుకీ వెనక్కీ పరుగెడుతున్నారు, బంతిని అందుకునేవాడు లేడు. వాడు వాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. నా ప్రాణం పోయింది అన్నయ్యా. నాలుగేళ్ళు ఎదురుచూసి, పక్కనే ఉన్నవాణ్ణి ముట్టుకోలేకపోయాను. ఇంతలో గ్రీకు వాళ్ళు గోల్ కొట్టారు. ఎవ్దోకియా కేక పెట్టి, పక్కనున్నది ఎవడో ఏమిటో తెలియకుండా ఉచా మెడ కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. వాడు కాసేపు బిగుసుకుపోయాడు. తర్వాత ఆవిడ భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ, ఏడవకు నాన్నా, ఇంకా నాలుగు కొడతాం అంది.

ఏడవడం అయ్యాక కాలు తెచ్చి మళ్ళీ నా ఒళ్ళో పెట్టాడు. నేను ఆఖరి విజిల్ దాకా నిమురుతూనే ఉన్నాను.

ఓడిపోయాం. ఊరు ఊరంతా మనల్ని తిట్టుకుంటుంది, తిట్టుకోనీ. ఇపోలితే వచ్చి వాణ్ణి తీసుకెళ్ళాడు. నాకు ఉండిపోవాలనీ వెళ్ళిపోవాలనీ రెండూ అనిపించాయి. ఆపరేషన్ అయి వాడు నడిచేదాకా నేను ఇక్కడే ఉండాలి, ఆ ఖర్చు ఇక్కడి నా జీతంతోనే తీరాలి.

నిన్ను క్షమించాడో లేదో చెప్పలేను. నన్ను కూడా క్షమించాడో లేదో తెలియదు. అడగలేదు. కొత్త సంవత్సరం పొద్దున తలుపు గడియ మాత్రం వేసుకోకు.

నాజీ.


ఖెవిసా,
జనవరి.

నాజీ,

గడియ వేసుకోలేదు.

పొద్దున్నే లేచి పండగ మిఠాయి గొజినాకీ పళ్ళెంలో సర్దాను, తేనె పాకం మాడింది, అక్రోట్లు చేదెక్కాయి, నా వంట సంగతి నీకు తెలుసు. పక్కింటివాళ్ళ గడప ఎవరో తొక్కారు, నవ్వులు వినిపించాయి. ఎదురింట్లో కూడా అయిపోయింది. నా ఇంటికి ఈ ఏడు రావడానికి ఎవరికీ ధైర్యం లేదు. సూర్యుడు చిమ్నీ పైకి వచ్చాడు. ఇక పిల్లినైనా లోపలికి పిలుద్దామని లేచాను.

వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు, భుజాల మీద మంచు పేరుకుంది. కర్ర పట్టుకున్నాడు. డాక్టర్ చెప్పాడట, ఆపరేషన్ దాకా బరువు పెట్టొద్దని. ఫిబ్రవరిలో చేస్తామన్నారు. మళ్ళీ ఆడతాడో లేదో అడిగితే ఆయన ఇప్పటికీ చేతులు విప్పి చూపిస్తున్నాడు. నడుస్తాడని మాత్రం గట్టిగా చెప్పాడు.

మెల్లిగా వచ్చి గడప ముందు ఆగాడు. ఎడమకాలు పెట్టరా, ఈ ఏడాదికి పరవాలేదు అన్నాను. వినలేదు. కర్ర గోడకి ఆనించి, ద్వారబంధం పట్టుకుని, కట్టు కట్టిన ఆ కుడికాలినే ఎత్తాడు. ఎత్తి, గడప మీద గాలిలో ఆపాడు. తల ఎత్తి నా వంక చూశాడు.

"ఊపాడా మామయ్యా?" అన్నాడు.

చెయ్యెత్తి నేనే ఊపాను. వాడు నా భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు.

జుంబేర్.